హాల్డన్ హౌస్ పాక్ కుటుంబం, టార్కీ హోటల్ యజమాని: బ్రిటన్ జనాభా లెక్కల్లో ఎలా వెతకాలి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు ఇంగ్లండ్‌లోని డెవన్ కౌంటీలో, ఎక్సెటర్‌లో ఉద్యోగం చేస్తున్నారు. హాల్డన్ కొండల మీదికి షికారుకు వెళ్లి, అక్కడి తెల్లటి ముక్కోణపు బురుజు చూశారు. దాన్ని కట్టించిన సర్ రాబర్ట్ పాక్ ఒకప్పటి మద్రాసు గవర్నరని తెలిసి ఆసక్తి పుట్టింది. ఆ కుటుంబం నివసించిన హాల్డన్ హౌస్‌లో ఎవరెవరు ఉండేవారో చూద్దామని సెన్సస్‌లో 'పాక్' (Palk) అని వెతికితే 1871 దాకా ఏదో ఒకటి తగిలింది గానీ, 1881లో ఇంటిపెద్ద కనిపించకుండా పోయాడు. ఇక రెండోది: డెవన్ సముద్రతీరపు ఊరు టార్కీలో (Torquay) మీరు దిగిన ఒక పాత హోటల్లో, "దీన్ని పెట్టినాయన హాల్డన్ దొరగారి దగ్గర బట్లరుగా చేశాడు" అని చెప్పారు. అది నిజమో కాదో తేల్చడం ఎలా అన్నారు.

రెండు ప్రశ్నలకూ తాళం ఒకటే. మనకు ఇంటిపేరు అంటే వంశం పేరు. ఇల్లు కూలినా, ఊరు మారినా అది మనతోనే వస్తుంది. ఇంగ్లండ్‌లోని పెద్ద కుటుంబాల్లో ఇంటికి ఒక పేరు, వంశానికి ఇంకో పేరు, పైగా రాణిగారు బిరుదిస్తే మనిషికి మూడో పేరు. మీరు 1881లో వెతికిన పెద్దమనిషికి జరిగింది అదే. ఆయన నాలుగో బారోనెట్ లారెన్స్ పాక్ (బారోనెట్ అంటే వంశపారంపర్యంగా వచ్చే 'సర్' బిరుదున్నవాడు), 1818లో పుట్టాడు. 1851 లెక్కల నాటికి తండ్రి బతికే ఉన్నాడు కాబట్టి ఈయన వట్టి లారెన్స్ పాక్. 1860లో తండ్రి పోయాక 1861, 1871 లెక్కల్లో సర్ లారెన్స్ పాక్. 1880లో ఆయన్ని బారన్ హాల్డన్‌గా, అంటే లార్డ్‌గా చేశారు. కాబట్టి 1881 ఏప్రిల్ 3 రాత్రి ఆయన ఎక్కడ నిద్రపోయినా, ఇంటింటికీ తిరిగే లెక్కల మనిషి రాసుకునే పేరు 'లార్డ్ హాల్డన్'. ఇంటి పేరే ఇంటిపేరైంది!

అందుకని వెతుకుడు పెట్టెలో ఇంటిపేరు దగ్గర 'హాల్డన్' (Haldon) అని కొట్టండి, మొదటి పేరు ఖాళీగా వదిలేయండి, వయసు 63కి అటూ ఇటూ రెండేళ్లు పెట్టండి. ఈ సూచికలు తయారుచేసినవాళ్లు చాలాచోట్ల 'లార్డ్' అన్న మాటనే మొదటి పేరుగా ఎక్కించారు. భార్య 'లేడీ హాల్డన్'. పిల్లలు మాత్రం పాక్‌లే, పేరు ముందు 'ఆనరబుల్' అన్న మాట పొట్టిగా రాసి ఉంటుంది. ఒకే కప్పు కింద తండ్రిది ఒక ఇంటిపేరు, కొడుకుది ఇంకొకటి. ఇది తెలియక చాలామంది తండ్రీకొడుకుల్ని వేరే కుటుంబాలనుకుని వదిలేస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రాబర్ట్ పాక్ తన పాత స్నేహితుడు మేజర్ జనరల్ స్ట్రింజర్ లారెన్స్ మీద గౌరవంతో కొడుక్కి లారెన్స్ అని పెట్టాడు. మీరు చూసిన బురుజు కూడా ఆయన జ్ఞాపకార్థం 1788లో కట్టించిందే. అక్కడినుంచి తరతరానా పెద్దకొడుకు లారెన్సే. రెండో బారోనెట్ లారెన్స్, మూడో ఆయన లారెన్స్ వాన్, నాలుగో ఆయన లారెన్స్, ఆయన కొడుకు లారెన్స్ హెస్కెత్. పేరు చూసి పొంగిపోకండి, వయసు చూడండి. హెస్కెత్ అన్న మాట కనిపిస్తే అది నాలుగో బారోనెట్ 1845లో పెళ్లాడిన మరియా హెస్కెత్ పుట్టింటి పేరు, అంటే ఆ తరం తర్వాతివాడన్నమాట. పలుకుబడి సంగతీ గుర్తుంచుకోండి. మనం పాక్ జలసంధి అని చదువుకున్నది ఈ రాబర్ట్ పాక్ పేరే. ఇంగ్లీషు రాతలో మధ్య 'ఎల్' ఉంటుంది, నోట్లో పలకదు. చెవికి వినబడినట్టు రాసుకున్న లెక్కల మనిషి ఆ 'ఎల్' ఎగరగొట్టి ఉండొచ్చు. చేతిరాత చూసి కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లు మొదటి అక్షరాన్ని 'ఎఫ్' అనుకుని ఉండొచ్చు. అన్ని రకాలుగానూ కొట్టి చూడండి.

రాబర్ట్ పాక్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన డెవన్‌లోని ఆష్‌బర్టన్ ప్రాంతపు సామాన్య కుటుంబంలో పుట్టి, పాదరీగా మన తీరానికి వచ్చి, ఆ పని వదిలి ఈస్టిండియా కంపెనీ కొలువులో ఎదిగి 1763 నుంచి 1767 జనవరి దాకా మద్రాసు గవర్నరుగా చేశాడు. ఉత్తర సర్కారుల మీద నిజాం అలీఖాన్‌తో 1766 నవంబరు 12న హైదరాబాదులో ఒప్పందం కుదిరింది ఆయన హయాంలోనే. జనరల్ కాలియాడ్ వెళ్లి కుదిర్చాడు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కార్లు కంపెనీకి వచ్చాయి, గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉండి 1788లో కలిసింది. మా తాతల ఊరు ఆ కొండపల్లి సర్కారులోది. డెవన్‌లో ఒక కొండమీద గాలికి నిలబడి, మా ఊరి శిస్తు ఎవరికి పోవాలో నిర్ణయించినవాడి బురుజు చూస్తున్నప్పుడు నా గుండె బరువెక్కింది. మీకు ఆ ఇంటి మీద పుట్టిన ఆసక్తిని వట్టి కాలక్షేపం అని నేను అనుకోవడం లేదు. అయితే రాబర్ట్ పాక్ 1798లోనే పోయాడు, పేర్లున్న లెక్కలు ఆయన దాకా వెళ్లవు. ఆయనకు వీలునామాలు, కంపెనీ కాగితాలే దిక్కు.

లెక్కల సంగతికి వద్దాం. మన దేశంలో జనగణన అంటే మనకు చేతికందేది అంకెలే. 1948 నాటి చట్టం ప్రకారం ఏ ఇంటి వివరాలూ ఎవరికీ చూపరు. బ్రిటన్‌లో వందేళ్లు నిండగానే పేర్లతో సహా తెరుస్తారు. 1801 నుంచి పదేళ్లకోసారి లెక్కలు తీసినా, అందరి పేర్లూ రాసి దాచింది 1841 నుంచి. ఆ 1841ది పెన్సిలుతో రాసింది, చాలా పేజీలు వెలిసిపోయాయి. అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో ఉండదు. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదు అయిదుల్లోకి కిందికి దించి రాశారు. పైన చెప్పిన లారెన్స్‌కి అప్పుడు నిజానికి 23 ఏళ్లు, పుస్తకంలో 20 అని ఉండాలి. 1851 నుంచి ఇంటిపెద్దతో సంబంధం, పెళ్లయిందా లేదా, పుట్టిన ఊరు వచ్చాయి. మీ పనికి ప్రాణం ఆ చివరి గడిలోనే ఉంది.

1841 నుంచి 1901 దాకా మనం తెర మీద చూసేది ఇంటివాళ్లు నింపిన కాగితం కాదు. ఆ కాగితాలు తీసుకుని లెక్కల మనిషి తన పుస్తకంలోకి ఎత్తి రాసుకున్న నకలు. అసలు కాగితాలు పారేశారు. పైగా లండన్ ఆఫీసులో గుమాస్తాలు వృత్తుల లెక్క కట్టేటప్పుడు ఒక్కో వరుస మీదా అడ్డగీతలు కొట్టుకుంటూ పోయారు, ఆ గీతల కింద అక్షరాలు మాసిపోయాయి. అందుకే తెర మీద టైపుచేసి చూపించేదాన్ని ఎప్పుడూ నమ్మవద్దు, ఆ పుస్తకం పేజీ బొమ్మ తెరిచి చదవండి. 1911లోనూ 1921లోనూ అసలు కాగితాలే మిగిలాయి, ఇంటిపెద్ద సొంత చేతిరాతా సంతకమూ కనిపిస్తాయి.

ఇప్పుడు దివాణం లాంటి పెద్దింటి విషయం. సెన్సస్ చెప్పేది ఒక్కటే, ఫలానా రాత్రి ఈ కప్పు కింద ఎవరు పడుకున్నారు అని. ఇల్లు ఎవరిదో చెప్పదు. 1851 నుంచి 1911 దాకా ఆ రాత్రి మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో పడింది. అది పార్లమెంటు నడిచే కాలం, పెద్ద కుటుంబాలు లండన్‌లో మకాం పెట్టే కాలం. మన నాలుగో బారోనెట్ 1854 నుంచి 1880 దాకా డెవన్ తరఫున పార్లమెంటు సభ్యుడు. కాబట్టి 1861లో, 1871లో ఆయన్ని డెవన్‌లోనే కాదు, లండన్‌లోనూ వెతకాలి. ఆయన తండ్రి మూడో బారోనెట్ కథ వేరు. అప్పులు మీదపడి విదేశంలో కాలం గడిపాడు. 1833 నుంచి టార్కీ ఆస్తి వ్యవహారమంతా విలియం కిట్సన్ అనే వకీలు చేతిలో పెట్టాడు. అలాంటి మనిషి 1841లో, 1851లో దొరకకపోతే మీ వెతుకులాటలో లోపం ఉందనుకోకండి. ఆ రాత్రి దేశంలో లేనివాడు పుస్తకంలోకి ఎక్కడు.

అప్పుడు మనుషుల్ని వదిలి ఇంటిని పట్టుకోవాలి. హాల్డన్ హౌస్ ఉన్నది డంచిడాక్ గ్రామం దగ్గర. అది సెయింట్ థామస్ అనే రిజిస్ట్రేషన్ జిల్లాలోది. ఈ లెక్కలు చూపించే ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైట్లో చిరునామాతో వెతికే సదుపాయం ఉంది. అది పని చేయకపోతే ఆ గ్రామం పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పండి. చిన్న పల్లె, ఒక సాయంత్రం పని. పుస్తకం మొదట్లోనే లెక్కల మనిషి తాను ఏ దారిన నడిచాడో రాసి ఉంటుంది. ఆ వర్ణన చదువుతుంటే మీరూ ఆయన వెంట నడిచినట్టుంటుంది. దివాణం కన్నా ముందో వెనకో గేటు దగ్గరి లాడ్జి అనే కాపలావాడి ఇల్లు, తోటమాలి ఇల్లు, గుర్రపుశాల మీది గదులు, ఇంటికి ఆనుకున్న వ్యవసాయ క్షేత్రం వరసగా వస్తాయి. పక్క గ్రామం కెన్ పుస్తకం కూడా చూడండి. పెద్ద ఎస్టేట్లు గ్రామ సరిహద్దుల్ని పట్టించుకోవు, తోటమాలి ఒక గ్రామంలో, దొర ఇంకో గ్రామంలో పడతారు.

కుటుంబం ఊళ్లో లేని ఏడాది ఆ పేజీలో ఇంటిపెద్ద గడిలో హౌస్‌కీపరో, ముసలి బట్లరో ఉంటారు. అది చూసి నిరాశపడి పేజీ తిప్పేయకండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీలు అవే. దొర పుట్టుకా చావూ వంశవృక్షాల పుస్తకాల్లో ఎలాగూ దొరుకుతాయి. అటక మీది గదిలో పడుకున్న పదిహేనేళ్ల వంటింటి పిల్ల పేరు ప్రపంచంలో ఇంకెక్కడా దొరక్కపోవచ్చు. ఆ పనివాళ్ల పుట్టిన ఊళ్లు వరసగా రాసుకోండి. పైస్థాయి పనివాళ్లు దూరపు కౌంటీల నుంచి వచ్చినవాళ్లై ఉంటారు. పెద్దిళ్లవాళ్లు ఊరివాళ్లని పెట్టుకుంటే ఇంటి గుట్టు ఊళ్లోకి పోతుందని బయటివాళ్లని తెచ్చుకునేవారు. కింది పనులకు మాత్రం చుట్టుపక్కల పల్లెల పిల్లలు. ఆ ఊళ్ల జాబితా మీ దగ్గర ఉంటే, తర్వాత హోటల్ వైపు నుంచి వెనక్కి వచ్చేటప్పుడు రెండు దారులూ కలుస్తాయో లేదో తెలుస్తుంది.

పుట్టిన ఊరి గడిలో 'ఈస్ట్ ఇండీస్' అనో, 'మద్రాస్' అనో, 'మసూలిపటం' అనో కనిపిస్తే ఆగండి. డెవన్‌లో రిటైరైన కంపెనీ అధికారుల ఇళ్లలో అలాంటివి తగులుతాయి. ఆ పిల్లల బాప్తిజం వివరాలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో, మద్రాసు చర్చి రిజిస్టర్ల నకళ్లలో ఉంటాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం ఫిబిస్ వెబ్‌సైట్లో ఉచితంగా వెతకొచ్చు. మన బందరు, విశాఖపట్నం పేర్లు అక్కడ ఎన్ని వంకర్లు తిరిగి ఉంటాయో మీరే చూస్తారు.

1880ల తర్వాత పాక్‌ల అప్పులు మళ్లీ పెరిగి ఆస్తులు చేజారాయి. హాల్డన్ హౌస్ 1890లలో బానటైన్ కుటుంబం చేతికి వచ్చింది. కాబట్టి 1901, 1911 లెక్కల్లో ఆ చిరునామాలో మీరు చూడాల్సిన పేరు బానటైన్. ఇక్కడ ఒక విశేషం ఉంది. రాబర్ట్ పాక్ మద్రాసు నాటి ఉత్తరాలను 1922లో హిస్టారికల్ మాన్యుస్క్రిప్ట్స్ కమిషన్ అచ్చువేసినప్పుడు, అవి 'హాల్డన్‌లోని మిసెస్ బానటైన్ దగ్గరున్న పాక్ రాతప్రతులు' అనే పేరుతో వచ్చాయి. అంటే కాగితాలు వంశంతో పోలేదు, ఇంటితోపాటు ఉండిపోయాయి. పాక్ వారసుల చుట్టూ మాత్రమే తిరిగేవాళ్లకు ఆ ఉత్తరాలు ఏనాటికీ కనబడేవి కావు. ఇల్లు 1920లలో పడగొట్టారు. మిగిలిన ఒక రెక్క తర్వాతి కాలంలో లార్డ్ హాల్డన్ పేరుతోనే హోటలైంది. అయితే మీ బట్లరు కథ ఆ హోటల్‌ది కాదు, టార్కీది కదా. దానికి వస్తున్నాను.

బట్లరు హోటల్ పెట్టడం అన్నది పుక్కిటి పురాణం కానక్కర్లేదు. లండన్‌లోని బ్రౌన్స్ హోటల్‌ని 1837లో పెట్టిన జేమ్స్ బ్రౌన్ కవి బైరన్ దగ్గర సేవకుడిగా చేసినవాడు, ఆయన భార్య సారా లేడీ బైరన్ దగ్గర పనిచేసింది. 1854లో మివార్ట్స్ హోటల్‌ని కొని తన పేరు పెట్టిన విలియం క్లారిజ్ కూడా బట్లరుగా చేసినవాడే. కేవెండిష్ హోటల్ని 1902లో తీసుకున్న రోజా లూయిస్ పన్నెండేళ్లకే పనిమనిషిగా చేరి, వంటలో పేరు తెచ్చుకుని అంత ఎత్తుకు వెళ్లింది. ఆమె భర్త బట్లరు. పెద్దిళ్లలో పనిచేసినవాళ్లకు వెండి సామాను, వైను, వచ్చిపోయేవాళ్ల మర్యాద, పద్దులు అన్నీ చేతికి వచ్చి ఉంటాయి. భార్య హౌస్‌కీపరో వంటమనిషో అయితే ఇక చెప్పేదేముంది. అందుకని మీరు విన్న కథ జరగడానికి వీలున్నదే. వీలుంది కాబట్టే జనం తేలిగ్గా అల్లుతారు కూడా.

పరీక్ష వెనక్కి నడుస్తూ చేయాలి. ముందు హోటల్ పేరుతో వాణిజ్య డైరెక్టరీలు చూడండి. డెవన్‌కి వైట్ డైరెక్టరీ 1850లోనూ 1878లోనూ వచ్చింది, తర్వాత కెల్లీ డైరెక్టరీలు వరసగా ఉన్నాయి. చాలావాటిని లెస్టర్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టింది. వాటిలో హోటల్ నడిపినవాడి పేరు ఏ ఏడు మొదలై ఏ ఏడు ఆగిందో రాసుకోండి. తర్వాత ఆ పేరుతో దగ్గరి సెన్సస్‌కి వెళ్లండి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. టార్కీ ఊరు సెన్సస్‌లో చాలాసార్లు తన పాత పారిష్ (చర్చి పరిధిలోని గ్రామం) పేరు టార్‌మోహామ్ కింద, న్యూటన్ అబట్ జిల్లాలో ఉంటుంది. వృత్తి గడిలో 'హోటల్ కీపర్' అనే ఉండాలని లేదు. 'ఇన్‌కీపర్', 'లైసెన్స్‌డ్ విక్చ్యువలర్' (మద్యం అమ్మే లైసెన్సున్నవాడు), 'వైన్ మర్చెంట్', 'లాడ్జింగ్ హౌస్ కీపర్' ఇవన్నీ అదే మనిషి కావచ్చు. భర్త పోయాక భార్య పేరు మీదికి లైసెన్సు మారడం మామూలే, అప్పుడు ఇంటిపెద్ద గడిలో విధవ ఉంటుంది.

హోటల్ పేజీని దివాణం పేజీలాగే ఓపిగ్గా చదవండి. విజిటర్లు, బోర్డర్లు, వెయిటర్లు, గదులు సర్దే ఆడవాళ్లు, 'బూట్స్' అని పిలిచే చెప్పులు తుడిచే కుర్రాడు అందరూ ఉంటారు. టార్కీ చలికాలపు విడిది ఊరు, జబ్బుపడినవాళ్లు గాలిమార్పుకు వచ్చేవారు. కాబట్టి మార్చి, ఏప్రిల్ లెక్కల్లో అతిథులుంటారు, వాళ్లలో పెద్ద కుటుంబాలవాళ్లు ఉంటారు. మీకు కావలసింది మాత్రం యజమాని పిల్లల వరుస. పెద్దపిల్ల ఎక్కడ పుట్టింది, రెండోవాడు ఎక్కడ పుట్టాడు, ఎప్పటినుంచి పుట్టినచోటు టార్కీ అయింది? ఆ గడుల్లోనే తండ్రి కొలువులు మారిన దారి ఉంటుంది. డంచిడాక్‌లోనో కెన్‌లోనో పుట్టిన బిడ్డ ఉంటే హాల్డన్‌తో సంబంధం బలపడినట్టు. పిల్లలే లేకపోతే, లేదా అందరూ టార్కీలోనే పుడితే, పెళ్లికి ముందు కాలం చూడాలి. బట్లర్లు చాలామంది పెళ్లి చేసుకోకుండానే కొలువు చేసి, దాచుకున్న డబ్బుతో కొలువు మానిన రోజుల్లో పెళ్లి చేసుకునేవారు. కాబట్టి పెళ్లి సర్టిఫికెట్ తెప్పించండి. అందులో ఆనాటి వృత్తి, నివాసం, తండ్రి పేరు ఉంటాయి. 1837 నుంచి జరిగిన పెళ్లిళ్లకు అది దొరుకుతుంది.

తర్వాత అంతకుముందరి సెన్సస్‌లో అదే పేరు, అదే పుట్టిన ఊరు, పదేళ్లు చిన్న వయసు ఉన్న ఒంటరి బట్లరు కోసం చూడండి. ఈ మెట్టు మీద నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. సోమర్సెట్‌లో ఒక ఇంటి బట్లరును వెతుకుతూ పేరూ వయసూ కలిశాయని మూడు నెలలు ఒక మనిషి వెంటపడ్డాను. పుట్టిన ఊరు ఒక్కటే కొంచెం తేడాగా ఉంటే, పనివాళ్లు ఊరి పేరు సరిగ్గా చెప్పరులే అని సర్దుకున్నాను. చివరికి ఇద్దరూ ఒకే సెన్సస్‌లో రెండు వేర్వేరు ఇళ్లలో బతికే ఉన్నారని తేలింది. నేను ఒక కుటుంబానికి వాళ్లది కాని తాతను అప్పజెప్పాను. వాళ్లకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. అప్పటినుంచి నా నియమం ఇది: నా మనిషి అనుకున్నవాడు దొరికాక, అదే ఏడాదిలో అదే పేరున్న ఇంకెవరైనా దేశంలో ఉన్నారా అని వెతికి, వాళ్లను ఒక్కొక్కరినే తప్పించాకే పేరు రాస్తాను.

ఒక విషయంలో మిమ్మల్ని ముందే హెచ్చరిస్తాను. మీ కథలో సంబంధం నిజమే అయి ఉండి, బట్లరు అన్న మాట అబద్ధం కావచ్చు. టార్కీలో చాలా భూమి పాక్‌లది. ఇళ్లు, హోటళ్లు కట్టుకున్నవాళ్లకు దాన్ని లీజుకు ఇచ్చేవారు. అంటే ఎంతోమంది హోటల్‌వాళ్లకు హాల్డన్ దొర భూస్వామి, ఏటా అద్దె కట్టించుకునేవాడు. "మా తాత హాల్డన్ దొర కింద ఉండేవాడు" అన్న మాట మూడు తరాలు దాటేసరికి "దొర దగ్గర బట్లరుగా ఉండేవాడు" అయిపోవడం చాలా తేలిక. మన పల్లెల్లోనూ 'దివాణం మనిషి' అంటే కౌలుదారూ కావచ్చు, గుమాస్తా కావచ్చు, వంటవాడూ కావచ్చు. దీన్ని సెన్సస్ తేల్చలేదు. అది సొంతదారుకీ అద్దెదారుకీ తేడా చూపదు. 'హోటల్ ప్రొప్రయిటర్' అని రాసుకున్నవాడు వట్టి లీజుదారే కావచ్చు. మీరున్న ఎక్సెటర్‌లోనే డెవన్ హెరిటేజ్ సెంటర్ ఉంది. అక్కడ పాక్ ఎస్టేట్ కాగితాలు అడగండి. 1840ల నాటి టైద్ మ్యాపుల్లో (చర్చికి కట్టే దశమభాగం పన్ను కోసం గీసిన పటాలు) ప్రతి జాగాకీ యజమాని పేరు, అనుభవించేవాడి పేరు పక్కపక్కనే ఉంటాయి. 1910 భూమి విలువల సర్వే పుస్తకాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటిలోనూ అంతే. 1858 నుంచి వీలునామాల సూచిక ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతకొచ్చు. హోటల్‌వాడు చనిపోయినప్పుడు ఎంత ఆస్తి వదిలాడో, ఎవరిని నమ్మి అప్పజెప్పాడో అందులో ఉంటుంది. వీలునామా అమలు చేసే కార్యనిర్వాహకుల్లో ఇంకో పాత బట్లరు పేరు కనిపిస్తే నాకు తప్పకుండా చెప్పండి, అది బంగారం లాంటి ఆధారం.

హోటల్ 20వ శతాబ్దంలో కూడా నడిచింది అన్నారు కాబట్టి ఆ వైపూ చెబుతాను. 1921 లెక్కలు సమ్మెల వల్ల ఏప్రిల్ నుంచి జూన్ 19కి వాయిదాపడ్డాయి. ఆ రాత్రి సముద్రతీరపు హోటళ్లు వేసవి జనంతో నిండి ఉన్నాయి. పని చేసేవాళ్ల పక్కన యజమాని పేరు, పనిచేసే చోటు రాయించారు. కాబట్టి హోటల్ సొంతదారు వేరే ఊళ్లో ఉన్నా, వెయిటర్ పక్కన ఆయన పేరు దొరికే అవకాశం ఉంది. ఆ తర్వాత పెద్ద గొయ్యి. 1931 కాగితాలు 1942 డిసెంబరులో హేస్‌లోని గోదాములో కాలిపోయాయి. యుద్ధం వల్ల 1941లో లెక్కలే తీయలేదు. మధ్యలో మిగిలింది 1939 సెప్టెంబరు 29న గుర్తింపు కార్డుల కోసం రాసిన రిజిస్టరు ఒక్కటే. అందులో పుట్టిన తేదీ పూర్తిగా ఉంటుంది. దాన్ని ఆరోగ్యశాఖ దశాబ్దాల పాటు వాడింది కాబట్టి ఆడవాళ్ల పెళ్లి తర్వాతి పేర్లు పైన వేరే సిరాతో కలిపి ఉంటాయి.

డబ్లిన్‌లో, గాల్వేలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. ఐర్లండ్‌లో 19వ శతాబ్దపు లెక్కలు దాదాపు అన్నీ పోయాయి, కొన్ని 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల మంటల్లో, కొన్ని అంతకుముందే ప్రభుత్వం చేతుల్లోనే. మిగిలిన 1901, 1911 మాత్రం నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్లో పైసా ఖర్చు లేకుండా ఉన్నాయి. అక్కడ ఇంటికే ప్రత్యేకంగా ఒక ఫారం ఉంటుంది. గోడలు దేనివి, కప్పు దేనిది, ముందువైపు కిటికీలెన్ని, గదులెన్ని, భూమి ఎవరిది అన్నీ రాశారు. పశువుల కొట్టాలకు ఇంకో ఫారం. ఐర్లండ్ పడమటి తీరంలోని కానెమారాలో రెన్‌వైల్ హౌస్ అనే ఇల్లుంది. బ్లేక్ కుటుంబంవాళ్ల దివాణం అది. కష్టాలు వచ్చి కారలైన్ బ్లేక్ అనే విధవ ఇంటావిడ 1883లో దాన్ని హోటల్‌గా తెరిచింది. అక్కడ దివాణపు కుటుంబం, హోటల్ యజమాని ఇద్దరూ ఒకే మనిషి. అలాంటి ఇంటికి ఆ ఫారాలు తెరిచి కిటికీల లెక్క చూస్తుంటే ఇల్లు కళ్లముందు లేచి నిలబడుతుంది.

మీరు మొదట చేయాల్సింది చిన్న పని. 1881లో 'హాల్డన్' పేరుతో వెతికి, ఆ పేజీ బొమ్మ, దానితోపాటు 1871లో హాల్డన్ హౌస్ చిరునామా పేజీ బొమ్మ దాచుకోండి. 1881 సూచిక ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్లో ఉచితం. బొమ్మలకు డబ్బు కట్టనక్కర్లేకుండా చాలా పబ్లిక్ లైబ్రరీల కంప్యూటర్లలో ఏన్‌సెస్ట్రీ అనే వెబ్‌సైటు తెరిచి ఇస్తారు. పేజీ అడుగునో పైనో ఉండే నంబర్లు తప్పకుండా రాసుకోండి. 1871కి 'ఆర్‌జీ 10' అనీ 1881కి 'ఆర్‌జీ 11' అనీ మొదలవుతాయి, తర్వాత పీస్, ఫోలియో, పేజీ అంకెలు. అవి ఉంటే ఎవరైనా అదే పేజీకి తిన్నగా రాగలరు. హోటల్ యజమాని పేరు కూడా నాకు విడిగా పంపండి. చేతిరాత చదవడం కష్టమైన చోట గీత కింద ఎర్ర గుర్తు పెట్టండి, ఈ ఆదివారం కూర్చుని మీకు చదివి పెడతాను.